ఆశ్చర్యానికి కొలబద్ద ఏది? - కల్పనా గ్రంథాలపై ఒక పాఠకుని అభిప్రాయాలు

గత రంజాన్ తరువాత ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగుతుండగా, మా బంగారుపాళ్యంలో మామిడికాయల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి నన్ను ఆపారు. చేతిసంచిలోనుంచి రెండు ఆంగ్ల పుస్తకాలు తీసి నా చేతిలో పెట్టారు. ఒకటి ఫ్రాంక్ హెర్బర్ట్ వ్రాసిన 'డ్యూన్'. రెండవది సి.ఎస్. లూయిస్ వ్రాసిన 'ది హార్స్ అండ్ హిజ్ బాయ్'.

"హజ్రత్, మా పెద్దోడు బెంగళూరులో ఇంజనీరింగు చదవతా ఉండాడు. వాడు తెచ్చినాడు ఇవి. ఒకదాంట్లో మహ్దీ అని ఉంది, జిహాద్ అని ఉంది. ఇంకోదాంట్లో గడ్డాలూ తలపాగాలూ పెట్టుకున్నోళ్ళంతా దుర్మార్గులంట. మా చిన్నపాప గూడా చదవతానంటా ఉండాది. చదవనీమంటారా, వద్దంటారా?" అని అడిగారు.

ఒక్క మాటలో చెప్పదగిన జవాబు నా దగ్గర లేకపోయింది. పుస్తకాలు నాలుగు వారాలు నా వద్ద ఉంచుకుంటానని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాను. రెండూ ఇదివరకు చదివినవే అయినా, ఒక తండ్రి అడిగిన ప్రశ్నను ఎదుట పెట్టుకొని చదవడం వేరు. వాటితోపాటు మన సొంత అలమరలోని కొన్ని గ్రంథాలను కూడా మళ్ళీ తిరగవేశాను. ఆ పఠనం వల్ల ఏర్పడిన అభిప్రాయాలనే ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచుతున్నాను.

పెద్దల అభ్యంతరం

ముందుగా పెద్దల అభ్యంతరాన్ని న్యాయంగా విన్నవించాలి. మక్కాలో నజ్ర్ బిన్ హారిస్ అనే ఖురైషు నాయకుడు ఉండేవాడు. అతడు హీరా ప్రాంతానికి వెళ్ళి పారశీక రాజుల గాథలు, రుస్తుం, ఇస్ఫందియార్ల కథలు నేర్చుకొని వచ్చాడు. మహాప్రవక్త (స) ప్రజలకు దైవవాక్యం వినిపించి లేవగానే అతడు అదే చోట కూర్చొని తన కథలు మొదలుపెట్టేవాడని, ముహమ్మద్ చెప్పేవాటికన్న తన కథలే మేలని అనేవాడని ఇబ్నె ఇస్హాఖ్ సీరత్ గ్రంథం తెలుపుతున్నది. సూరా లుఖ్మాన్ 6వ ఆయతులో దైవమార్గం నుంచి మళ్ళించే కాలక్షేపపు మాటల ప్రస్తావన వచ్చినచోట పలువురు వ్యాఖ్యాతలు ఈ నజ్ర్ ఉదంతాన్నే పేర్కొన్నారు.

ఇక మన దేశం సంగతి. హజ్రత్ మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్) తమ 'బిహిష్తీ జేవర్'లో ఇంట ఉండదగని పుస్తకాల జాబితా ఒకటి ఇచ్చారు. అందులో అమీర్ హమ్జా దాస్తాన్ ఉంది, గులె బకావళి ఉంది, అలిఫ్ లైలా కూడా ఉంది. దీనిని కేవలం ఛాందసమని కొట్టివేయడం సులభమే గాని న్యాయం కాదు. హజ్రత్ హమ్జా (రజి) మహాప్రవక్త (స)కు పినతండ్రి, ఉహద్ రణరంగంలో అమరులైనవారు. ఆయన పేరు చుట్టూ మాయలు, తిలిస్ములు, అయ్యారుల గారడీలు అల్లుకుంటూ పోయి, లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం వారు ఆ దాస్తాన్‌ను 46 సంపుటాలుగా అచ్చువేశారు. అందులోని 'తిలిస్మె హోష్‌రుబా' 1883 నుంచి వెలువడింది. చదువు అంతంతమాత్రంగా ఉన్న ఇళ్ళలో చరిత్ర ఎక్కడ ముగిసిందో, కల్పన ఎక్కడ మొదలైందో తేల్చుకోవడం కష్టమే. కాబట్టి పెద్దల భయం ఆధారం లేనిది కాదు.

అయితే జనం చదవడం మానలేదు. మనదని మనం దాచిపెట్టిన గులె బకావళి 1962లో 'గులేబకావళి కథ'గా తెలుగు తెరమీదికి వచ్చింది. అంతకుముందే 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో అల్లావుద్దీన్ ఛాయలు లేవని ఎవరంటారు? ఆ అల్లావుద్దీన్ కథను 1709లో పారిస్ నగరంలో ఆంత్వాన్ గాలాన్‌కు చెప్పినవాడు హలబ్ పట్టణానికి చెందిన హన్నా దియాబ్ అనే అరబ్బు క్రైస్తవుడు. కథ మన తలుపు మూసి ఉంటే పక్కింటి తలుపు తట్టి వస్తుంది. కనుక తలుపు మూయడం ఒక్కటే చాలదు.

ఈ సంగతి నాకు పుస్తకాలవల్ల గాక నా పొరపాటువల్ల తెలిసింది. చదువు ముగించిన కొత్తలో నేను కొన్నాళ్ళు మక్తబ్‌లో పిల్లలకు పాఠాలు చెప్పాను. ఒకరోజు ఒక బాలుని ఒడిలో చందమామ కనబడింది. మాంత్రికుని బొమ్మ చూడగానే ఇదంతా షిర్క్ అని కోప్పడి దానిని లాక్కున్నాను. ఆ బాలుడు చదవడం మానలేదు, నాకు చూపడం మానుకున్నాడు. ఏది చదివినా వచ్చి అడిగే పిల్లవాడు ఆనాటి నుంచి నన్ను ఏదీ అడగలేదు. ఉపాధ్యాయునికి అంతకన్న పెద్ద నష్టం లేదు.

అబద్ధం వేరు, కల్పన వేరు

కల్పన అంటే అసత్యమే కదా, అసత్యం హరామే కదా అని వాదించేవారు ఉన్నారు. దీనికి జవాబు మన మదరసాలలో పాఠ్యగ్రంథంగా చెప్పే 'మఖామాతె హరీరీ' పీఠికలోనే ఉంది. బస్రా వాసి హరీరీ (1054-1122) ఆ పీఠికలో తన మీద రాబోయే ఆక్షేపణను తానే ఊహించి సమాధానం చెప్పారు. జంతువులు, జడపదార్థాలు మాట్లాడే కథలను పెద్దలు ఎన్నడూ పాపమని త్రోసిపుచ్చలేదని, కర్మలు సంకల్పాలను బట్టి ఉన్నప్పుడు బోధ కోసం కథ కట్టినవానిపై నేరమేమిటని ఆయన వాదన సారాంశం. మన పంచతంత్రమే పారశీకం మీదుగా ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిలో 'కలీలా వ దిమ్నా' అయింది. నక్కలు మాట్లాడినందుకు ఎవరూ దానిని అబద్ధాల పుస్తకమనలేదు. అబద్ధం చెప్పేవాడు వినేవాడిని నమ్మించాలని చూస్తాడు. కథ చెప్పేవాడికీ వినేవాడికీ అది కథ అని ముందే తెలుసు.

ఇక్కడ ఒక హద్దు గీసుకోవడం అవసరం. గుహవాసులు 309 సంవత్సరాలు నిద్రించిన వృత్తాంతం (సూరా కహఫ్), నూరేళ్ళు మృతుడై తిరిగి లేచిన వ్యక్తి ఉదంతం (సూరా బఖరా 259) చదివి, ఇవి ఆనాటి కాలయాన కథలని సంబరపడే కొత్త విమర్శకులు కొందరున్నారు. విశ్వాసి ఈ పోలికను అంగీకరించలేడు. ఖుర్ఆన్ వృత్తాంతాలు సత్యసమాచారాలు. వాటిని కథల అలమరలో పెట్టరాదు. అదేవిధంగా కథలను విశ్వాసపు అలమరలోకి ఎక్కించరాదు. హమ్జా దాస్తాన్ విషయంలో జరిగిన తప్పు ఈ రెండవది.

ఖజ్వీనీ ఇచ్చిన కొలబద్ద

అనుమతి సంగతి ఇంతటితో సరి. మరి మంచి చెడ్డలను కొలిచేదెలా? ఆంగ్ల విమర్శకుల పుస్తకాలు చాలా తిరగవేసిన తరువాత, నాకు కావలసిన కొలబద్ద 13వ శతాబ్దపు అరబీ గ్రంథంలో దొరికింది. జకరియ్యా ఖజ్వీనీ (మరణం 1283) తమ 'అజాయిబుల్ మఖ్లూఖాత్' ఆరంభంలో ఆశ్చర్యమంటే ఏమిటో నిర్వచించారు. ఒక వస్తువుకు కారణమేమిటో, అది ఎలా పనిచేస్తున్నదో తెలియనప్పుడు మనిషికి కలిగే దిగ్భ్రమ అని వారి భావం. దానికి ఉదాహరణగా ఆయన ఏ రాక్షసినో, ఏ పక్షిరాజునో తీసుకోలేదు. తేనెపట్టును తీసుకున్నారు. కొలతబద్దగాని వృత్తలేఖినిగాని లేని ఇంత బలహీనమైన పురుగు, ఆరు భుజాల గదులను ఇంత సమంగా ఎలా కట్టిందని తొలిసారి చూసినవాడు నివ్వెరపోతాడు. రోజూ చూసేవాడికి ఏమీ అనిపించదు. పరిచయం ఆశ్చర్యాన్ని చంపుతుందని ఆయన సిద్ధాంతం.

దీనిని కల్పనా గ్రంథాలకు అన్వయించి చూడండి. మంచి కల్పన మనలను ఎక్కడెక్కడికో తీసుకొనిపోయి, తిరిగి మన తేనెపట్టు దగ్గరికే చేర్చి, దానిని మొదటిసారి చూస్తున్నట్లు చూపిస్తుంది. ఆశ్చర్యం ఆలోచనకు దారితీస్తే, అనగా తఅజ్జుబ్ తఫక్కుర్‌గా మారితే, ఆ పుస్తకం మేలైనది. ఆశ్చర్యం మత్తుగా మారి ఎదుటివాడు మనిషి అనే సంగతినే మరపింపజేస్తే, ఆ పుస్తకం ఎంత అందమైనదైనా జాగ్రత్త అవసరం. ఈ కొలబద్దను ముందుగా మన గ్రంథాలపైనే పెట్టి చూడాలి. ఇతరుల పుస్తకాలను తూచే తక్కెడలో మనవి కూడా తూగాలి కదా.

ఏనుగు వేసిన దావా

పదవ శతాబ్దంలో బస్రాలో ఇఖ్వానుస్సఫా అనే విద్వత్ బృందం వ్రాసిన రిసాలాలలో 22వది జంతువులు మానవులపై వేసిన దావా. కొందరు మానవులు ఓడలో ఒక ద్వీపానికి చేరి అక్కడి జంతువులను పట్టి పనికి కట్టుకోబోతారు. జంతువులు జిన్నుల రాజు న్యాయస్థానానికి వెళ్ళి ఫిర్యాదు చేస్తాయి. గాడిద, ఎద్దు, ఒంటె, ఏనుగు ఒక్కొక్కటే తన గోడు చెప్పుకుంటాయి. మేము శ్రేష్ఠులమని మానవులు ఒక్కొక్క కారణం చూపగా, జంతువుల ప్రతినిధులు దానిని ఖండిస్తారు. దీనిని 1810లో మౌల్వీ ఇక్రామ్ అలీ కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాల కోసం ఉర్దూలోకి తెచ్చారు. దొరలు ఉర్దూ నేర్చుకోవడానికి చాలాకాలం ఇదే వాచకం.

ఈ గ్రంథాన్ని పట్నంలో చదివినప్పుడు నాకు చమత్కారంగా తోచింది. బంగారుపాళ్యంలో చదివితే భయం వేసింది. మాకు పడమట పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి ఉంది. 1980ల నడుమ దక్షిణాది అడవులనుంచి ఏనుగులు ఇటు తరలివచ్చాయి. 1990లో ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. రాత్రిపూట ఏనుగులు చేలల్లోకి, మామిడితోటల్లోకి దిగితే రైతు కుటుంబం పడే బాధ నేనెరుగుదును. కరెంటు తీగకు తగిలి చచ్చిన ఏనుగు సంగతీ విన్నదే. ఇద్దరివీ నిజమైన ఫిర్యాదులే. ఏనుగును న్యాయస్థానంలో నిలబెట్టి మాట్లాడించిన ఆ వెయ్యేళ్ళనాటి రచయితలు, మనకు దినపత్రికలో నాలుగు పంక్తుల వార్తగా కనబడేదానిని విచారణగా మార్చారు. ఆకలి, చాకిరి భరించలేక ఒక ఒంటె మహాప్రవక్త (స) ముందు కన్నీరు పెట్టగా, ఆయన దాని యజమానిని మందలించిన హదీసు మన పిల్లలకు తెలుసు. ఈ కథ ఆ హదీసు నీడలోనే నడుస్తుంది.

లోపం లేకపోలేదు. చివరికి తీర్పు మానవుల పక్షాన వస్తుంది. పరలోకపు లెక్క, మానవులలోని పుణ్యపురుషులు ఇందుకు కారణాలు. అంతసేపు వాదించిన ఏనుగుకు ఇది హడావుడి తీర్పుగానే తోస్తుంది. కాని జాగ్రత్తగా చదివితే ఆ తీర్పులో ఒక కొస మిగిలి ఉంది. గెలిచింది మానవులలోని వలీలు. వారివలె నడచుకోని తక్కిన మనమంతా ఇంకా ముద్దాయిలమే.

దీవిలోని ఒంటరివాడు

ఇబ్నె తుఫైల్ (మరణం 1185) అందలూసియాకు చెందిన వైద్యుడు, తత్త్వవేత్త. ఆయన 'హయ్ బిన్ యఖ్జాన్' కథ భూమధ్యరేఖకు దిగువన ఉన్న హింద్ దీవులలో ఒకదానిలో జరుగుతుంది. మనుష్యులెవరూ లేని ఆ దీవిలో ఒక శిశువును లేడి పాలిచ్చి పెంచుతుంది. ఆ లేడి చనిపోగా, కదలకుండా పడి ఉన్న తల్లిలోనుంచి వెళ్ళిపోయినదేమిటో వెదకుతూ ఆ బాలుడు దాని గుండెను కోసి చూస్తాడు. అక్కడినుంచి నిప్పు, మొక్కలు, నక్షత్రాలు పరిశీలిస్తూ, ఏ గురువూ లేకుండా సృష్టికర్త ఒక్కడేనన్న ఎరుకకు చేరుతాడు. దీనిని ఎడ్వర్డ్ పోకాక్ 1671లో లాటిన్‌లోకి, సైమన్ ఆక్లీ 1708లో ఆంగ్లంలోకి అనువదించారు. 'రాబిన్సన్ క్రూసో' వెలువడింది 1719లో. ఆ నవలపై దీని ప్రభావం ఉందని కొందరు పండితుల అభిప్రాయం.

ఖజ్వీనీ కొలబద్దకు ఇంతకన్న చక్కగా సరిపోయే పుస్తకం నాకు తెలియదు. తల్లి మరణం వంటి పరిచితమైన దుఃఖాన్ని ఈ కథ ప్రశ్నగా మార్చింది. ఆ ప్రశ్నను విశ్వాసం దాకా నడిపించింది. కాని చివరిభాగం నన్ను ఇప్పటికీ కలతపెడుతుంది. హయ్ పక్క దీవిలోని జనానికి తన జ్ఞానం బోధించబోయి, వారికది అందదని నిరాశపడి తన ఏకాంతానికి తిరిగిపోతాడు. సామాన్య జనంపై ఇంత నిస్పృహ ప్రవక్తల మార్గం కాదు. తరువాతి శతాబ్దంలో, ఊపిరితిత్తులలో రక్తప్రసరణను వివరించిన గొప్ప వైద్యుడు ఇబ్నున్నఫీస్ (మరణం 1288) దీనికి కథతోనే బదులిచ్చారు. ఆయన 'అర్రిసాలతుల్ కామిలియ్యా'లోని కామిల్ కూడా దీవిలో ఒంటరివాడే. కాని ఓడలో వచ్చినవారు పెట్టిన వండిన భోజనం, కట్టించిన బట్టలు అనుభవించిన తరువాత, మనిషి ఒంటరిగా బాగా బ్రతకలేడని, కలిసి బ్రతకాలంటే న్యాయశాసనం కావాలని, దానిని తెచ్చే ప్రవక్త కావాలని గ్రహిస్తాడు. ఒక కల్పనకు మరొక కల్పనతో జవాబు చెప్పే ఈ పద్ధతిని మనం మరచిపోయి, నిషేధంతో జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాం.

మద్రాసులో అచ్చయిన కల

తెలుగు ముస్లిం పాఠకులు గర్వంతో తెలుసుకోవలసిన విషయమొకటి ఉంది. ముస్లిం మహిళ వ్రాసిన తొలి విజ్ఞాన కల్పనలలో ఒకటి మన మద్రాసులోనే అచ్చయింది. రంగపూర్ ప్రాంతపు పైరాబంద్‌లో 1880లో జన్మించిన రుకయ్యా సఖావత్ హుసేన్ ఆంగ్లంలో వ్రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో వెలువడింది. 1901లో ఆ పత్రికను స్థాపించి నడిపిన కమలా సత్యనాథన్ రాజమండ్రిలో తెలుగు కుటుంబంలో పుట్టినవారు. బెంగాలు ముస్లిం వనిత కలను తెలుగు క్రైస్తవ వనిత అచ్చువేసింది. ఆనాడు మా ఊరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే.

కథ చిన్నది. ఒక స్త్రీ కలలో మహిళా రాజ్యానికి వెళుతుంది. అక్కడ స్త్రీలు నిర్భయంగా వీధుల్లో తిరుగుతారు, పురుషులు మర్దానాలో ఉంటారు. స్త్రీల విశ్వవిద్యాలయాలు రెండు. ఒకటి ఆకాశంనుంచి నీరు రాబట్టే సాధనం కనిపెట్టింది. రెండవది సూర్యుని వేడిని పోగుచేసే యంత్రం తయారుచేసింది. పురుష సైన్యం ఓడిపోయిన యుద్ధాన్ని ఆ సూర్యతాపంతోనే విద్యార్థినులు గెలిచారు. అప్పుడు లోపలికి వెళ్ళిన పురుషులు మళ్ళీ బయటకు రాలేదు.

దీనిని పర్దాపై దాడి అని కోపగించుకున్నవారు ఉన్నారు. నా అభిప్రాయం వేరు. పురుషులను గదిలో పెట్టడం రుకయ్యా కోరిన ఆదర్శం కాదు, ఆమె పట్టిన అద్దం. మగవాని విషయంలో అన్యాయంగా కనబడేది ఆడదాని విషయంలో సహజంగా ఎందుకు కనబడుతున్నదని ఆమె ప్రశ్న. అలవాటు కప్పివేసిన దానిని తిరిగి కనబడేలా చేయడమే ఖజ్వీనీ చెప్పిన పని. ఆమె ధర్మాన్ని త్యజించిన స్త్రీ కాదు. 1911లో కలకత్తాలో 8 మంది బాలికలతో పాఠశాల ప్రారంభించి, తనువు చాలించిన 1932 దాకా దానికోసమే శ్రమించారు. విద్య అందరికీ విధి అన్న ప్రవక్త (స) బోధను ఆ రోజుల్లో అంత కష్టపడి ఆచరించినవారు ఎందరు? కథలో లోపమంటారా, ఉంది. తారుమారు చేసిన అన్యాయం న్యాయం కాదన్న మాటను ఆమె పాఠకునికి వదలిపెట్టారు, తాను చెప్పలేదు. కాని ఆ మాట మనచేత అనిపించడమే ఆమె ఉద్దేశమేమో.

ఇతరుల అద్దంలో మనం

ఇప్పుడు ఆ పెద్దమనిషి సంచిలోని పుస్తకాల సంగతి. లూయిస్ పుస్తకం 1954లో వచ్చింది. ఎడారికి ఆవల దక్షిణాన ఉండే కాలోర్మెన్ దేశస్థులు నల్లనివారు, గడ్డాలవారు, తలపాగాలు చుట్టి వంపు కత్తులు ధరించేవారు. బానిసలను అమ్ముకుంటారు, టాష్ అనే క్రూరదైవాన్ని కొలుస్తారు. ముస్లిములని రచయిత ఎక్కడా అనలేదు. ఎవరిని చూసి ఆ బట్టలు కుట్టాడో మాత్రం చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. విగ్రహారాధనను ఎదిరించిన సమాజానికి విగ్రహం తగిలించడం ఇందులోని వింత.

అయినా న్యాయం చెప్పాలి. ఆ దేశపు పిల్ల అరావిస్ ఈ కథలో సాహసి, కథానాయకుని సమవుజ్జీ. 1956లో వచ్చిన చివరి పుస్తకంలో ఎమెత్ అనే కాలోర్మెన్ యువకుని నిజాయితీ దైవసన్నిధిలో అంగీకారం పొందుతుంది. కాలోర్మెన్‌లో కథ చెప్పడం పిల్లలకు నేర్పే విద్య అని, ఇంగ్లండులో వ్యాసాలు వ్రాయడం నేర్పుతారని, కథలు వినాలనుకునేవారు ఉంటారుగాని వ్యాసాలు చదవాలనుకునేవారు కనబడలేదని లూయిస్ పరిహాసమాడాడు. వ్యాసం వ్రాస్తున్న నాకు ఆ మాట గుచ్చుకుంది! అన్నిటికన్న తమాషా ఏమంటే, ఆయన పూజ్యసింహం అస్లాన్ పేరు తుర్కీ మాట. అలిఫ్ లైలాకు లేన్ వ్రాసిన ఆంగ్లానువాదపు వ్యాఖ్యలలో అది తనకు దొరికిందని లూయిస్ స్వయంగా తెలిపాడు. మన కథల ఇంటినుంచి సింహాన్ని తీసుకొనిపోయి, దానిని మనమీదికే వదిలాడన్నమాట. మా తూనికలో ఈ పుస్తకం తేలిపోతుంది. ఆశ్చర్యం ఉంది, కాని అది ఎడారి సరిహద్దు దగ్గర ఆగిపోయింది. పిల్లలు దీనిని చదవరాదని నేననను, ఒంటరిగా చదవరాదంటాను.

'డ్యూన్' (1965) అంతకన్న బరువైన పుస్తకం. నీరులేని ఎడారి గ్రహం, అక్కడి ఫ్రెమెన్ తెగ, వారి విమోచకుడుగా అవతరించే పరదేశపు యువకుడు ఇందులోని ఇతివృత్తం. కాకసస్ పర్వతాలలో రష్యా సైన్యాన్ని దశాబ్దాలపాటు ఎదిరించిన ఇమామ్ షామిల్ చరిత్రపై లెస్లీ బ్లాంచ్ 1960లో వెలువరించిన గ్రంథం జాడలు ఇందులో ఉన్నాయని పరిశీలకులు చూపారు. అరబీ తెలిసిన పాఠకునికి పుటపుటనా చుట్టాలు ఎదురవుతారు. లిసానుల్ గైబ్ అంటే మనకు షీరాజ్ కవి హాఫిజ్ బిరుదు, ఇక్కడ రాబోయే ప్రవక్త పేరు. కితాబుల్ ఇబర్ అంటే మనకు ఇబ్నె ఖల్దూన్ చరిత్ర, ఇక్కడ ఎడారిలో బ్రతికే విధానాలు తెలిపే మతగ్రంథం. ముఅద్దిబ్ అంటే అదబ్ నేర్పే గురువు, ఇక్కడ అదే మాట ఒక చిట్టెలుక పేరు, దానివల్ల కథానాయకుని పేరు. ఇరవై ఏళ్ళుగా అనువాదమే వృత్తిగా గల నాకు ఈ మాటలు వేళ్ళు తెగిన మొక్కలవలె కనబడ్డాయి.

కాని మాటల వేళ్ళు తెగినా, కథ వేరు బలమైనదే. కరువులో కలసిమెలసి బ్రతికే ఎడారివారి అసబియ్యత్, సుఖానికి మరిగిన పాలకులను కూలద్రోస్తుందన్న ఇబ్నె ఖల్దూన్ సూత్రానికి ఈ నవల చక్కని ఉదాహరణ. అంతకన్న ముఖ్యమైనది మరొకటి. ఈ కథలో ఒక రహస్య స్త్రీసంఘం, ఎప్పటికైనా తమకు అక్కరకు వస్తాయని గ్రహగ్రహానికీ వెళ్ళి కల్పిత భవిష్యవాణులను ముందే నాటివేస్తుంది. ఆ అబద్ధపు భవిష్యవాణిమీదనే కథానాయకుడు మహ్దీ అవుతాడు. తరువాతి భాగమైన 'డ్యూన్ మెస్సయ్యా' (1969)లో అతని పేర జరిగిన యుద్ధాలలో 6100 కోట్లమంది చనిపోయినట్లు లెక్క చెబుతాడు. విమోచకునిగా పూజలందుకునే నాయకుని నమ్మి బుద్ధి అప్పగించవద్దన్నది హెర్బర్ట్ హెచ్చరిక. ప్రవక్తల పరంపర ముగిసిందని నమ్మే మనకు ఈ హెచ్చరిక చేదు కారాదు. మహ్దీనని చెప్పుకొన్నవారి వెనుక నడచి నష్టపోయిన జనాలు మన చరిత్రలోనూ ఉన్నారు.

2021లో వచ్చిన చలనచిత్రంలో జిహాద్ అన్న మాటకు బదులు పవిత్రయుద్ధమనే అర్థం వచ్చే ఆంగ్లపదం వాడారు. మాట తొలగించినంత మాత్రాన సమస్య తొలగదు. నా అసలు ఫిర్యాదు మరొకచోట ఉంది. ఆ ఎడారి ప్రజలలో ఎదురుచూపు ఉంది, కోపం ఉంది, ఆచారం ఉంది. అర్ధరాత్రి లేచి ఎవరికోసమూ కాక తన ప్రభువు కోసమే కన్నీరు కార్చే మనిషి మాత్రం నాకు కనబడలేదు. మతాన్ని ఇతరులు ఎలా వాడుకుంటారో హెర్బర్ట్‌కు బాగా తెలుసు, మనిషి దానితో ఎలా బ్రతుకుతాడో అంతగా తెలియదు. మన పిల్లవాడు ఈ తేడా గుర్తించగలిగితే పుస్తకం వానికి మేలే చేస్తుంది.

సిహర్ మాట

మంత్రతంత్రాలున్న పుస్తకాల మాటేమిటని కొందరు అడుగుతారు. సిహర్ నేర్వడం, ప్రయోగించడం నిషిద్ధమని సూరా బఖరా 102వ ఆయతు వెలుగులో మనకు స్పష్టమే. కాని సిహర్ నేర్పే పుస్తకం వేరు, సిహర్ ఉన్న కథ వేరు. ఉర్సులా లెగ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' (1968)లో ఎర్రనల్లని మేనిఛాయగల ఒక మేకల కాపరి కుర్రవాడు, తోటివారిముందు గొప్పకుపోయి తన శక్తికి మించిన పని చేసి ఒక చీకటి నీడను లోకంలోకి వదులుతాడు. దానినుంచి దీవి దీవికీ పారిపోతాడు. పారిపోవడం మాని ఎదురు తిరిగినప్పుడే విముక్తి. ఆ నీడకు ఉన్న పేరు తన పేరే. నఫ్స్‌తో పోరాటం, ముహాసబా గురించి వేదికలపై ఎన్నో ప్రసంగాలు విన్నాను. యువకుల మనసుకు ఇంతగా హత్తుకునేవి కొన్నే.

ఆనాడు నేను లాక్కున్న చందమామ కూడా ఇదే కోవలోనిది. దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన ధారావాహికలను తరువాత ఓపికగా చదివాను. 'తోకచుక్క' 1954లో మొదలైంది. ఆ కథలలో మాంత్రికుడు పూజనీయుడు కాదు. శక్తికోసం ఆశపడి తన గొయ్యి తానే త్రవ్వుకునేవాడు. గెలిచేది మంత్రం కాదు, ధైర్యం, సమయస్ఫూర్తి, మిత్రధర్మం. చదవకుండానే తీర్పు చెప్పినవాడిని నేను.

జవాబు

నాలుగు వారాల తరువాత ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళి పుస్తకాలు తిరిగి ఇచ్చాను. పెద్దబ్బాయిని డ్యూన్ చదవనీయమని, చదివాక ఇబ్నె ఖల్దూన్ గురించి మాట్లాడడానికి నా దగ్గరికి పంపమని చెప్పాను. చిన్నపాపతో కలసి లూయిస్ పుస్తకాన్ని తండ్రే చదవాలని, తలపాగావాళ్ళు వచ్చినచోట ఆగి, ఇది మనమేనా అమ్మా అని అడగాలని చెప్పాను. "నాకు ఇంగ్లీషు రాదు కదా హజ్రత్!" అన్నారాయన. అయితే పాప చదివి తెలుగులో చెబుతుంది, మీరు వినండి అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. పాప మాత్రం అప్పుడే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

నా వంతుగా జంతువుల దావాను తెలుగు చేయడం మొదలుపెట్టాను. ఏనుగు వాఙ్మూలం పూర్తయింది. ఇతరులు మనపై వ్రాసిన కథలకు కోపం జవాబు కాదు, నిషేధం జవాబు కాదు. ఇబ్నున్నఫీస్ చేసినట్లు మరొక మంచి కథను పిల్లల చేతిలో పెట్టడమే జవాబు. ఆ కథలు మన అలమరలోనే ఉన్నాయి. దుమ్ము దులపవలసిన చేతులు మనవి.

వల్లాహు ఆలమ్.